ఒంట్లో వెలుగు

పినాకపాణి గారి గనిలో అరటిపండు నిషేధం. చుట్టూ కోడూరు అరటితోటలు, రోజూ లారీల మీద గెలలు పోతుంటాయి. అయినా ఆయన దగ్గర పనిచేసేవాళ్ళెవరూ జేబులో ఒక్క పండు కూడా పెట్టుకుని సొరంగంలో అడుగుపెట్టకూడదు. గేటు దగ్గర బోర్డు కూడా రాయించాడు. ఆ బోర్డు మొదటిసారి చదివినప్పుడు, ఇంత చదువుకున్న భౌతికశాస్త్రవేత్తకు ఇదేం పిచ్చి అనుకున్నాను.

నా పేరు మందాకిని. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలూ సీటీలూ చూసి జబ్బేమిటో చెప్పే డాక్టర్ని. మనిషి లోపల చూడాలంటే కిరణాలు పంపాలి. పంపితే ఒంటికి ఎంతో కొంత దెబ్బ తగులుతుంది, పసిపిల్లలకైతే మరీను. అందుకే సీసం ఆప్రాన్లు కప్పుతాం, మోతాదు తగ్గిస్తాం, అక్కర్లేని స్కాను రాసిన డాక్టర్లతో గొడవపడతాం. గొడవపడటంలో నాకు మంచి పేరే ఉంది. బహుశా అందుకే పాణిగారు నాకు ఫోను చేశాడు.

"మోతాదు తగ్గించడం కాదండీ, అసలు లేకుండానే చేశాను. వచ్చి తప్పులు పట్టండి" అన్నాడు.

తప్పులు పట్టమంటే నేను ఎంత దూరమైనా వెళ్తాను.

అది మూతబడిన ముగ్గురాళ్ళ గని. ముగ్గురాయి, అదే బెరైటీస్, మహా బరువు. ఎక్స్‌రే గదుల గోడలకు మేము పూయించేది దాని పొడినే, కిరణాలు బయటికి పోకుండా. పాణిగారికి కావలసింది దానికి ఎదురు. బయటి కిరణాలు లోపలికి రాకూడదు. నెత్తిన కొండంత రాయి ఉంది కాబట్టి ఆకాశం నుంచి కురిసేవి ఆగిపోతాయి. సొరంగం చివర చిన్న గది, దాని గోడలకు సీసం. కొత్త సీసం కూడా ఆయనకు పనికిరాదట, అందులోనూ కాస్త కిరణాలు మిగిలి ఉంటాయట. సముద్రంలో మునిగిపోయిన పాత ఓడల్లోంచి తీసిన సీసం ఎక్కడినుంచో తెప్పించాడు. గది మధ్యలో ఒక పడక, దాని చుట్టూ మందపాటి గాజుపలకలు. అంతే.

"కిరణాలు ఎక్కడినుంచి పంపుతారు?" అని అడిగాను.

"పంపను."

"మరి?"

"మీ దగ్గరే ఉన్నాయి కదండీ. పడుకోండి."

పడుకున్నాను. తలుపు మూశారు. అంత చీకటి, అంత నిశ్శబ్దం నా జన్మలో ఎరగను. నా గుండె చప్పుడు నాకే విసుగు తెప్పించింది. ఎంతసేపటికో తలుపు తీసి, పక్కగదిలో తెర ముందు కూర్చోబెట్టాడు. నల్లటి తెర మీద సన్నని చుక్కలు. చుక్కలన్నీ కలిసి మనిషి ఆకారం. తొడలూ భుజాలూ బాగా వెలుగుతున్నాయి, ఊపిరితిత్తులు మసకగా ఉన్నాయి.

"ఎవరిది?" అన్నాను.

"మీదే."

ఆయన చెప్పింది ఇది. మనం తినే ప్రతి ముద్దలోనూ పొటాషియం ఉంటుంది. ఒంట్లో బతికున్న ప్రతి కణమూ దాన్ని లోపల పట్టి ఉంచుకుంటుంది. ఆ పొటాషియంలో ఏ పదివేల పరమాణువుల్లోనో ఒకటి నిలకడ లేనిది. అలాంటివి తమంతట తామే పగులుతూ ఉంటాయి, పగిలినప్పుడు చాలావాటిలో రేణువు బయటపడి ఒంట్లోనే ఆగిపోతుంది, కొన్నిటిలో మాత్రం ఒక కిరణం బయటికి దూసుకొస్తుంది. తల్లి కడుపులో ఉన్నప్పటినుంచీ అందరం ఇలా మినుకుమంటూనే ఉన్నాం. ఇన్నాళ్ళూ చూడగలిగే కన్ను లేదు, అంతే. పడక చుట్టూ ఉన్న గాజుపలకలతో ఆయన ఆ కన్ను తయారుచేశాడు.

"కణం చచ్చిపోతే పొటాషియాన్ని వదిలేస్తుంది. అందుకని బతికున్న చోటు తెల్లగా, లేని చోటు నల్లగా కనిపిస్తుంది" అన్నాడు, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా.

ఎన్ని వేలమందిని వెలుగు పంపి చూశానో, వాళ్ళ దగ్గరే వెలుగు ఉందన్న సంగతి ఒక్కసారీ తట్టలేదు. ఎవరి ముందైనా మోకరిల్లాలనిపించింది. ఎవరి ముందో తెలియక, మంచినీళ్ళు అడిగాను.

అరటిపండులో పొటాషియం ఎక్కువ కాబట్టి ఆ బోర్డు పెట్టాడని అప్పుడు అర్థమైంది. తప్పు కూడా అప్పుడే పట్టాను. మనిషి వెలుగే అంత సన్ననిది కదా, పక్కన ఇంకో మనిషి నిలబడితే ఆ వెలుగు దీన్ని మింగేస్తుంది. అందువల్ల లోపలికి పోయేవాళ్ళు ఒంటరిగా పోవాలి. గంటలకొద్దీ కదలకుండా ఒంటరిగా పడుకోవాలి.

"ఎవరికీ హాని చేయని యంత్రం కట్టారు, బాగుంది. దానికి పక్కమనిషి పొడ గిట్టదేమిటండీ?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

హిమజను ఆ గనికి తెచ్చింది నేనే. ఆరేళ్ళ పిల్ల. తల్లి రెడ్డమ్మ బొప్పాయి తోటల్లో కూలికి పోతుంది, తండ్రి అరటి లారీ తోలుకుంటూ అప్పుడు నాగపూరు అవతల ఎక్కడో ఉన్నాడు. ఆ పిల్ల ఒంట్లో కణాలకు దెబ్బ తగిలితే బాగుచేసుకునే శక్తి పుట్టుకతోనే లేదు. మనకు ఒక ఎక్స్‌రే అంటే గీరుకుపోయినంత, ఆ పిల్లకు కత్తిపోటంత. ఆ సంగతి ఇంట్లో ఎలా తెలిసిందంటే, ఆ పిల్ల అన్నకూ అదే లోపం ఉండేది. చెట్టుమీదనుంచి పడితే వాడికి స్కాన్ల మీద స్కాన్లు తీశారు, ఎవరికీ ఏమీ తెలియదు అప్పట్లో. ఏడాది తిరక్కుండా నెత్తురు చెడి చనిపోయాడు.

ఇప్పుడు హిమజకు విడవని జ్వరం, నడుములో నొప్పి. ఎక్స్‌రేలు తీయకూడదు. చిన్నప్పుడు క్వారీలో పేలుడు జరిగి ఇనుప తునకలు తొడలో ఉండిపోయాయి కాబట్టి అయస్కాంతంతో తీసే ఎమ్మారై కుదరదు. అల్ట్రాసౌండు వెన్నెముక వెనక ఏముందో చూపించలేకపోయింది. అక్కడ ఉన్నది చీము కావచ్చు, కేన్సరు గడ్డ కావచ్చు. చీమైతే సూదితో లాగేయవచ్చు, పిల్ల బతుకుతుంది. గడ్డైతే దానికిచ్చే మందులు ఆ ఒళ్ళు తట్టుకోలేదు. పాణిగారి తెర మీద చీము నల్లగా కనిపిస్తుంది, గడ్డ తెల్లగా కనిపిస్తుంది. మేము తెలుసుకోవాల్సింది ఆ ఒక్క ముక్కే.

పాపకు నిద్రమందు ఇచ్చి లోపల పడుకోబెట్టాం. రెడ్డమ్మ సొరంగం మొదట్లో ఒక బండ మీద కూర్చుంది. "నేను తలుపు కాడన్నా నిలబడకూడదా మేడమ్?" అని అడిగింది. కూడదన్నాను.

సాయంత్రానికి బొమ్మ తేలింది. సరిగ్గా నడుము దగ్గర, వెన్నుపూసకు ఆనుకుని, తెల్లటి ముద్ద. మిగతా ఒళ్ళంతా దాని ముందు వెలవెలబోయింది. ఇంత తెల్లగా గడ్డ ఉంటుందా అని అనుమానం రాకపోలేదు. కానీ ఈ తెర మీద గడ్డ ఎలా కనిపిస్తుందో చూసినవాళ్ళు లోకంలో ఇంకెవరూ లేరు, ఎవరిని అడగను? పాపను పడుకోబెట్టిన బయటి గదికి వెళ్ళి రెడ్డమ్మకు చెప్పాను.

"తెల్లంగుంటే ఎలుగే గదా మేడమ్. ఎలుగు మంచిది గాదా?" అంది.

"ఇక్కడ కాదమ్మా."

ఆమె ఏడవలేదు. పాప తల తన ఒళ్ళో పెట్టుకుని, చిక్కుపడ్డ జుట్టు వేళ్ళతో విడదీస్తూ కూర్చుంది. నేను ఆ గదిలో ఉండలేక బయటికి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం గని దగ్గరి వంటగదిలో భోజనానికి కూర్చున్నాను. ముందురోజంతా ఏమీ ముట్టలేదు, అయినా ఆకలి లేదు, అలవాటు కొద్దీ కూర్చున్నాను. పప్పు చప్పగా ఉంది.

"గంగులమ్మా, ఉప్పు మరిచిపోయావా?" అన్నాను వంటమనిషితో.

"ఉప్పు అయిపోయిందమ్మా. మీకు బీపీ అని ఈడ మీ ఉప్పే గదా వాడేది, ఆ పొట్లం. నిన్న పొద్దన ఆ పాప తల్లి గుప్పెడు అడిగింటే, ఉన్నదంతా ఇచ్చేసినా."

"ఉప్పెందుకు ఆమెకు?"

"దిష్టి తీసేదానికి."

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. బీపీ ఉన్నవాళ్ళ ఉప్పులో సోడియం తగ్గిస్తారు. తగ్గించినచోట ఏం కలుపుతారో నాకు తెలుసు. పొట్లం మీద రాసే ఉంటుంది, నేను రోజూ తింటాను. పొటాషియం.

ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను. రెడ్డమ్మ పాప పక్కన కూర్చుని ఉంది.

"దిష్టి తీసిన ఉప్పు ఏం చేశావు?"

ఆమె బిత్తరపోయింది. "తప్పయిందా మేడమ్?"

"తప్పూ లేదు ఏం లేదు, ఎక్కడుందో చెప్పు తల్లీ."

"దిష్టి తీసినాక నీళ్ళల్లో పారేయల్ల. ఈడ నీళ్ళు యాడుండాయి? అందుకనీ... నన్ను లోపలికి రాకూడదంటిరి గదా. నా మారుగా అదన్నా బిడ్డకాడ ఉంటాదని, గుడ్డలో మూటగట్టి మొలతాడుకు ఎనకపక్క కట్టినా." పాప గౌను కాస్త పైకెత్తి చూపించింది. నిమ్మకాయంత మూట, సరిగ్గా నడుము మీద.

ఆ మూట పట్టుకుని పాణిగారి గదికి వెళ్ళాను. చూడగానే ఆయన గుర్తుపట్టాడు. "ఇదా? నర్సు అడిగింది. ఉప్పేగా, ఉప్పులో వెలుగుండదు, ఉండనీ అన్నాను."

"అది సముద్రం ఉప్పండీ. ఇది నా బీపీ ఉప్పు."

ఆయన మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. "అరటిపండుకు బోర్డు పెట్టాను" అన్నాడు.

నవ్వాలో ఆయన్ని నాలుగు తన్నాలో తెలియలేదు. నవ్వేశాను, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. ఆ రెండో పని పాణిగారు చూడకుండా చేద్దామనుకున్నాను గానీ కుదరలేదు.

అయితే ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఉప్పుమూట వెలుగు దాని వెనక ఉన్నదాన్నంతా కప్పేసింది. గడ్డ లేదని తేలలేదు, ఉందో లేదో చూడనే లేదని తేలింది. మళ్ళీ తీయాలి. ఈలోపు జ్వరం పెరిగింది, ఊపిరి బరువైంది. ఈ స్థితిలో మళ్ళీ నిద్రమందు ఇస్తే నాది పూచీ కాదని మత్తు డాక్టరు తేల్చి చెప్పేశాడు. మెలకువతోనే పడుకోవాలి.

"నేను పోను" అంది హిమజ.

"ఎందుకమ్మా? ఏమీ చేయరు కదా అక్కడ?"

"ఆడ అమ్మ లేదు."

అప్పుడు తెలిసింది మాకు. మొదటిసారి చివర్లో మందు మత్తు వదిలి ఆ చీకట్లో లేచిందట. అమ్మా అని పిలిచిందట. అంత సీసం దాటి పిలుపు ఎవరికి వినిపిస్తుంది? తలుపు తీసినప్పుడు కళ్ళు తెరిచే ఉన్నాయి, మేము అప్పుడే లేచిందనుకున్నాం. పిల్లకు చిన్న గీత కూడా పడకుండా చూసే యంత్రమని మురిసిపోయాను నేను. అది చేసిన గాయం ఇంకో రకమైనది.

"నన్ను గూడా పండుకోబెట్టండి సార్" అంది రెడ్డమ్మ.

"కుదరదమ్మా. నీ వెలుగులో పాప కనిపించదు" అన్నాడు పాణిగారు.

"అయితే ఆమెను తీసేయండి" అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"ముందు రెడ్డమ్మను ఒక్కదాన్నే తీయండి. తర్వాత ఇద్దరినీ కలిపి తీయండి. ఇద్దరున్న బొమ్మలోంచి తల్లి బొమ్మను తీసేస్తే మిగిలేది పిల్లే కదా?"

"చెప్పినంత తేలిక కాదండీ. రెండుసార్లూ ఒకేలా పడుకోవాలి. చెయ్యి కాస్త జరిగినా లెక్కంతా పోతుంది. మనిషి వల్ల కాదు."

"కదల్ను సార్" అంది రెడ్డమ్మ.

"అమ్మా, గంటల తరబడి..."

"కదల్ను అంటాండా గదా సార్."

ఆ గొంతు విన్నాక పాణిగారు ఇక వాదించలేదు. పాప ఒళ్ళు తల్లి వెలుగును కొంత అడ్డుకుంటుంది కాబట్టి, తల్లి ఒక్కతే ఉన్న బొమ్మలోనూ అంతే అడ్డు ఉండాలని, పాపంత రబ్బరు దిండులో నీళ్ళు నింపి రెడ్డమ్మ చేతుల్లో పెట్టాడు. ఆమె దాన్ని పొదువుకుని ఆ రోజంతా పడుకుంది. ఆమె ఒంటి కింద మెత్తలు ఎక్కడెక్కడ ఉన్నాయో గీతలు గీసుకున్నాడు. ఆ మర్నాడు తెల్లారగానే దిండు బదులు హిమజను పెట్టి తలుపు మూశాడు.

మేమిద్దరం తెర ముందు కూర్చున్నాం. మొదట నలుపు తప్ప ఏమీ లేదు. తర్వాత ఒక చుక్క. ఇంకెక్కడో ఇంకో చుక్క. ముగ్గు వేయబోతూ చుక్కలు మాత్రం పెట్టి వదిలేసినట్టుంది. చూస్తుండగానే చుక్కలు పెరిగాయి, ఒంపులు తేలాయి. ఒక వీపు వంగింది. ఒక చెయ్యి చుట్టుకుంది. ఆ వంపులో చిన్న తల ఒకటి ఒదిగింది. ఎక్కడినుంచి తల్లి, ఎక్కడినుంచి పిల్ల అన్నది చెప్పడం నా వల్ల కాలేదు, బొమ్మలు చదవడమే నా వృత్తి అయినా. ప్రతి చుక్కా ఒక పరమాణువు పగలడం. పగులుతున్నది ఆ ఇద్దరి ఒంట్లోనే. ఎవరూ అడగకుండా, ఎవరూ వెలిగించకుండా.

"కదిలిందా?" అన్నాను మధ్యాహ్నం దాటాక.

"లేదు." ఆయన తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు. "ఊపిరి తప్ప ఏమీ కదల్లేదు."

పొద్దు వాలాక తలుపు తీశాం. హిమజ నిద్రపోతోంది. రెడ్డమ్మ కళ్ళు తెరుచుకుని ఉంది గానీ లేవలేకపోయింది. ఎడమ చెయ్యి చచ్చుబడి వేలాడుతోంది. ఇద్దరం పట్టుకుని లేపితే, "పాప లేస్తాది, మెల్లిగ" అంది. నర్సు పాపను ఎత్తుకుంది. రెడ్డమ్మ తానే కుంటుకుంటూ తెర ముందుకు వచ్చింది.

"ఇదేంది మేడమ్, నేనూ పాపా?"

"అవును."

ఆమె చాలాసేపు అలాగే చూసింది. ఏమనుకుందో అడగలేదు. "ఇప్పుడేం చేస్తారు?" అంది చివరకు.

"నిన్ను తీసేస్తామమ్మా" అన్నాడు పాణిగారు.

తెర మీద రెడ్డమ్మ మసకబారడం మొదలుపెట్టింది. ముందు కాళ్ళు పోయాయి. తర్వాత తొడలు, వీపు వంపు. చెయ్యి పలచబడుతుంటే పాణిగారి వేళ్ళు ఆగిపోయాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"నేనింకా ఉండాను సార్ ఆడ, పాప భుజం కాడ" అంది రెడ్డమ్మ, తెరకు దగ్గరగా వంగి. "సగంలో నిలిపితిరేంది? నేను అడ్డముంటే పాప యట్ల కనపడతాది? శుద్ధంగా తీసేయండి."

ఆయన తీసేశాడు. తల్లి పూర్తిగా పోయింది. తెర మీద ఒక చిన్న పిల్ల మిగిలింది, పక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకుని, దేనికో ఒదిగి పడుకున్నట్టు. ఆమె నడుము దగ్గర, వెన్నెముక పక్కన, రేగిపండంత నలుపు. చుట్టూ ఎక్కడా తెల్లటి ముద్ద లేదు. నేను వెనక్కి జరిగి చూశాను, దగ్గరికి పోయి చూశాను, పాణిగారిని ఇంకోసారి లెక్కకట్టమన్నాను. నలుపే.

"నల్లంగ ఉండాది" అంది రెడ్డమ్మ భయంగా. "మేడమ్, నల్లంగుంటే..."

"చీము. అది చీము రెడ్డమ్మా. గడ్డ కాదు. సూదితో తీసేస్తారు. పాప బతుకుతుంది." మామూలుగా చెబుదామనుకున్నాను, అరిచినట్టు వచ్చింది. ఆమె రెండు చేతులతో నా చెయ్యి పట్టుకోబోయింది. ఎడమ చెయ్యి ఇంకా లేవలేదు, కుడిచేతితోనే పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది.

మర్నాడే తిరుపతికి తీసుకెళ్ళాం. బొమ్మలో చూపించిన చోటే సూది దించారు, చూపించినంతే చీము వచ్చింది. వారం తిరిగేసరికి జ్వరం దిగి, హిమజ ఇడ్లీలో కారప్పొడి సరిపోలేదని అలిగే స్థితికి వచ్చింది.

ఇంటికి పోయే రోజు పాణిగారు స్వయంగా వచ్చాడు, రెండు బొమ్మలు అచ్చువేయించుకుని. ఒకదాంట్లో తల్లీ పిల్లా ఇద్దరూ, రెండోదాంట్లో పిల్ల ఒక్కతే. ఇద్దరూ ఉన్నది చూస్తే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. ఆయన దానికి చట్రం కూడా కట్టించాడు. రెడ్డమ్మ చేతికి ముందు దాన్నే ఇచ్చాడు.

ఆమె దాన్ని చూసి, జాగ్రత్తగా బల్లమీద పెట్టి, చట్రం లేని రెండోది తీసుకుంది.

"అది కాదు రెడ్డమ్మా, ఇది బాగుంది. ఇందులో నువ్వు కూడా ఉన్నావు" అన్నాను.

"ఉండాను మేడమ్. నేను ఈ పాపకాడ యెప్పుడూ ఉంటా గదా, దాన్ని బొమ్మలో చూసేదేముంది?" పాప బొమ్మను పైట చెంగుతో తుడిచింది. "నేను పోయినాక దీని గతేంగానని రోజూ అదే దిగులు నాకు. ఈ బొమ్మలో చూడు మేడమ్, నన్ను శుద్ధంగా తీసేసినా గూడా ఎలుగుతానే ఉండాది. నాకిది చాలు."